కనుమ మీద నిలబడితే కనుమ కనిపించదు

కెమెరా కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో కొలరాడో ఫొటోలు రెండు వేశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చోటు గురించి ఉన్నాయి, డెన్వర్‌కి పడమరన రాకీ పర్వతాల్లో ఉన్న లవ్‌ల్యాండ్ పాస్ అనే కనుమ. అందుకని పోర్ట్రెయిట్లు, పెళ్ళి ఫొటోల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈసారి ఆ కనుమ మీదే కూర్చుంటున్నాను. మిగతావాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మేం డెన్వర్‌లో ఉంటాం. పోయిన జూలైలో లవ్‌ల్యాండ్ పాస్‌కి వెళ్ళాం. అక్కడ నిలబడితే ఒళ్ళు ఝల్లుమంది. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే కనుమ పేరు రాసిన బోర్డూ, బోర్డు పక్కన మేమూ, వెనకాల ఏవో కొండలూ. ఒక పక్క నీళ్ళు అట్లాంటిక్‌కీ, ఇంకో పక్క నీళ్ళు పసిఫిక్‌కీ పోయే గట్టు మీద నిలబడ్డామన్న సంగతి ఒక్క ఫొటోలోనూ లేదు. దీని కోసమే వైడ్ లెన్స్ కూడా కొన్నాను. పొరపాటు ఎక్కడ జరిగింది?
– డెన్వర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పొరపాటు లెన్స్‌లో లేదు. మీరు నిలబడ్డ చోటులో ఉంది.

కనుమ అంటే రెండు ఎత్తుల మధ్య పల్లం, గుర్రం మీద జీనులాగా. జీను మీద కూర్చున్నవాడికి గుర్రం మెడ కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి. జీను కనిపించదు. కారు దిగి, బోర్డు దగ్గర నిలబడి, చుట్టూ కెమెరా తిప్పితే వచ్చేది కనుమ చుట్టుపక్కల ఫొటో. కనుమ మీ కాళ్ళ కింద ఉండిపోతుంది.

ఇది నేనేదో పుట్టుకతో తెలుసుకున్న విషయం కాదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ బోర్డు దగ్గరే 140 ఫొటోలు నొక్కాను. రాత్రి మా ఆవిడకి గర్వంగా చూపిస్తే నాలుగైదు చూసి, "ఏ పార్కింగ్ లాటండీ ఇది?" అంది. ఆ మాట రెండేళ్ళు నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు రోడ్డుకి తూర్పున గట్టు వెంట పైకి పోయే కాలిబాట పట్టండి. మొదటి అరగంట నిట్టనిలువే, దాచడం ఎందుకు. ఆ రోడ్డు ఎత్తే 11,990 అడుగులు. అక్కడ గాలి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు కూడా ఉండదు. పది అడుగులకోసారి ఆగాల్సి వస్తుంది, ఆగండి. ఆగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడండి. మూడో నాలుగో ఆగుడికి ఒక తమాషా జరుగుతుంది. కింద కారు అగ్గిపెట్టెంత అవుతుంది, రోడ్డు తాడులా మెలికలు తిరుగుతుంది, బోర్డు ఎక్కడుందో తెలియదు. అప్పుడు ఎదురుగా అవతలి గట్టు లేస్తుంది, ఇవతలి గట్టు మీ కాళ్ళ దగ్గర్నుంచి దిగుతుంది, రెండూ కలిసే చోట ఆ పల్లం. అది కనుమ. మీ ఫొటో అక్కడ ఉంది.

ఈ కిటుకు పాతది. 1873లో విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్ హేడెన్ సర్వే అనే ప్రభుత్వ సర్వే బృందంతో ఇదే కొలరాడోలో తిరిగాడు. మౌంట్ ఆఫ్ ది హోలీ క్రాస్ అని ఒక కొండ ఉంది, దాని ముఖాన పగుళ్ళలో మంచు శిలువ ఆకారంలో నిలుస్తుంది. దాన్ని ఫొటో తీయడానికి జాక్సన్ ఆ కొండ ఎక్కలేదు. ఎదురుగా ఉన్న నాచ్ మౌంటెన్ ఎక్కాడు. అది కూడా గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోయించుకుని. పలకలు కడగడానికి అక్కడి మంచు కరిగిన నీళ్ళే వాడుకున్నాడు. జేబులో ఫోనుతో అరగంట ఎక్కమంటే మనకి ఆయాసం.

ఇక మీరు అసలు అడిగినది, ఆ "గట్టు" ఫొటోలో ఎలా తెలియాలి అని. ఇక్కడ మ్యాపు ఒకసారి చూడాలి. అట్లాంటిక్ తూర్పున, పసిఫిక్ పడమరన ఉన్నాయి కాబట్టి వాటి మధ్య నీళ్ళని పంచే ఈ గట్టు, అంటే కాంటినెంటల్ డివైడ్, అంతటా ఉత్తర దక్షిణాలుగానే ఉంటుందని మనం అనుకుంటాం. మొత్తం మీద అంతే. కానీ అది కొండల శిఖరాలను పట్టుకుని పాములా వంకర్లు పోతుంది. ఈ కనుమ దగ్గర అది దాదాపు తూర్పు పడమరలుగా పడుకుని ఉంది. కనుమ మీదుగా పోయే రోడ్డు, హైవే 6, దాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటుతుంది. అంటే ఇక్కడ అట్లాంటిక్ ఉత్తరం వైపు, పసిఫిక్ దక్షిణం వైపు!

ఫొటోగ్రాఫర్‌కి ఇంతకంటే వరం లేదు. ఎందుకంటే ఉత్తరానికి తిరిగిన వాలు మీద ఎండ తక్కువ, మంచు ఆలస్యంగా కరుగుతుంది. దక్షిణం వాలు తొందరగా బయటపడుతుంది. జూన్‌లో ఆ గట్టు మీద నడుస్తూ తూర్పుకి తిరిగి నిలబడితే చాలా చోట్ల ఎడమ పక్క ఇంకా తెలుపు, కుడి పక్క గోధుమ రంగు రాయీ అప్పుడే లేస్తున్న పచ్చికా. మధ్యలో మీరు నడిచే గీత. పెంకుటింటి వెన్ను మీద నిలబడి రెండు వైపులా కప్పుని చూసినట్టు ఉంటుంది. బోర్డు చెప్పాల్సిన మాటని మంచే చెబుతుంది. నా దగ్గరున్న లవ్‌ల్యాండ్ ఫొటోలన్నిట్లో నేను గోడకి తగిలించింది అదొక్కటే. అందులో సముద్రం లేదు, బోర్డు లేదు, ఒక తెల్ల సగం, ఒక మట్టి సగం, అంతే.

ఒక్క జాగ్రత్త. తెల్ల సగం వైపు అంచు మీదకి వెళ్ళకండి. గాలికి మంచు గట్టు అంచుని దాటి చూరులా బయటికి పెరుగుతుంది, కింద ఏమీ ఉండదు. రాయి కనిపించే చోటే అడుగు వేయండి.

వైడ్ లెన్స్ సంగతి. అది కొండల్ని చిన్నబుచ్చుతుంది. మీ ముందున్న గులకరాయిని పెద్దది చేసి, వెనకున్న 13,000 అడుగుల కొండని చీమల పుట్ట చేస్తుంది. కాళ్ళ దగ్గర మంచి పువ్వో, నాచు పట్టిన బండో ఉంటే దాన్ని ముందు పెట్టి వాడుకోండి. కనుమ కోసం మాత్రం 50 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య లెన్స్ పెట్టండి. దూరపు గట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకొస్తాయి, రోడ్డు మెలికలు బిగుసుకుంటాయి. అంతా ఒక ఫ్రేములో పట్టకపోతే కెమెరా నిలువుగా తిప్పి, ఒకదానితో ఒకటి మూడో వంతు కలిసేలా ఐదారు తీసి తర్వాత అతికించుకోండి. లెన్స్ రంధ్రం ఎఫ్/8 చాలు, ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/22 పెడితే ఇంకా పదును వస్తుందనుకోకండి, అంత చిన్న రంధ్రంలోంచి వెలుతురు చెదిరి మెత్తబడుతుంది.

వేళ గురించి నాదొక పక్షపాతం ఉంది. తూర్పు గట్టు మీంచి కనుమ వైపు చూడటమంటే పడమరకి చూడటం. తెల్లవారగానే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. రంగు బాగుంటుంది గాని లోతు ఉండదు, అంతా గోడకి అతికించినట్టు ఉంటుంది. కొన్ని గంటలు ఆగితే ఎండ ఎడమ పక్కకి జరిగి వాలుల్లో మడతలు లేస్తాయి. నాకు మాత్రం సెప్టెంబర్ సాయంత్రమే ఇష్టం. ఎండ ఎదురుగా వస్తుంది, గట్లన్నీ ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతాయి, తారు రోడ్డు ఆ ఏటవాలు వెలుగుకి వెండి నాడాలా మెరుస్తుంది. ఆగస్టు చివరికే అక్కడి గడ్డీ ఆకులూ ఎర్రబారడం మొదలవుతుంది, చెట్టు అన్నది లేకపోయినా రంగుకి లోటుండదు.

ప్రశ్న: సార్, బోర్డు దగ్గర మా అబ్బాయి నీళ్ళ సీసా తీసి సగం ఇటు, సగం అటు పోశాడు. "ఇవి పసిఫిక్‌కి, ఇవి అట్లాంటిక్‌కి" అని వీడియో కూడా తీశాడు. నిజంగా అంత దూరం పోతాయా? ఆ దారిని ఫొటోల వరసగా తీయాలని ఉంది.
– ఆరోరా నుంచి ఒక పాఠకుడు

జవాబు: సీసాడు నీళ్ళు ఎక్కడికీ పోవు, ఆ గాలికి పది నిమిషాల్లో ఆరిపోతాయి. మీ అబ్బాయితో చెప్పకండి. కానీ ఆ వాలు మీద కరిగే మంచు మాత్రం నిజంగానే బయల్దేరుతుంది.

ఉత్తరం వైపు నీళ్ళు క్లియర్ క్రీక్ అవుతాయి. జార్జ్‌టౌన్, ఐడహో స్ప్రింగ్స్, గోల్డెన్ మీదుగా దిగి డెన్వర్ దగ్గర సౌత్ ప్లాట్ నదిలో కలుస్తాయి. అక్కణ్ణుంచి నెబ్రాస్కాలో ప్లాట్, ఆ తర్వాత మిస్సోరి, మిసిసిపి, చివరికి మెక్సికో సింధుశాఖ. మీరు కారులో పైకి వచ్చిన దారే ఆ నీళ్ళు కిందికి పోయే దారి. కాబట్టి సగం ఫొటోలు ఇంటికి వెళ్తూ తీసేయొచ్చు.

దక్షిణం వైపు స్నేక్ నది పాయ ఒకటి దిగి, డిల్లన్ జలాశయంలో చేరుతుంది. అక్కణ్ణుంచి బ్లూ నది, కొలరాడో నది, కాలిఫోర్నియా సింధుశాఖ. పుస్తకం ప్రకారం ఇదీ దారి.

ఈ పుస్తకం నమ్మే నేను ఒకసారి నలుగురిలో నవ్వులపాలయ్యాను. చిన్న ప్రదర్శన ఒకదానిలో డిల్లన్ జలాశయం ఫొటో పెట్టి, కింద "పసిఫిక్‌కి పోతున్న నీళ్ళు" అని రాశాను. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, నీటి సరఫరాలో పని చేసి రిటైరైనవాడు, చాలాసేపు ఆ ఫొటో ముందు నిలబడ్డాడు. మెచ్చుకుంటాడేమోనని పక్కకి వెళ్ళాను. "బాగుంది. కాకపోతే వీటిలో కొన్ని పొద్దున మా ఇంటి కుళాయిలో వచ్చాయి" అన్నాడు.

ఆయన ఇల్లు డెన్వర్‌లో. సంగతేమిటంటే డిల్లన్ జలాశయం అడుగు నుంచి రాబర్ట్స్ టన్నెల్ అని ఒక సొరంగం బయల్దేరుతుంది. 1962లో పూర్తయింది, పొడవు 23 మైళ్ళ పైచిలుకు. అది కాంటినెంటల్ డివైడ్ కిందనుంచే దూరి, పడమటి నీళ్ళని తూర్పు వైపు సౌత్ ప్లాట్ పాయలోకి వదులుతుంది, డెన్వర్ తాగడానికి. వర్షం కురిసేది, మంచు పడేది ఎక్కువగా పడమటి వాలు మీద, మనుషులుండేది తూర్పున. దేవుడు గీసిన గీత కింద ఇంజనీరు కన్నం వేశాడన్నమాట.

పడమరకే మిగిలిన నీళ్ళ కథ కూడా అంత సాఫీగా లేదు. కొలరాడో నదిని దారిలో అంతమంది వాడుకుంటారు, మెక్సికోలో సముద్రం దాకా చేరడం 1960ల తర్వాత అరుదైపోయింది. 2014 వసంతంలో రెండు దేశాలూ ఒప్పుకుని డ్యాముల నుంచి ప్రత్యేకంగా నీళ్ళు వదిలితే, కొన్నాళ్ళపాటు నది సముద్రాన్ని ముట్టుకుంది.

మీ వరసలో ఈ వంకర కూడా ఉండాలని నా కోరిక. కనుమ కింద దక్షిణపు వాలులో పాస్ లేక్ అని చిన్న చెరువు ఉంది, గాలి లేని ఉదయాన అద్దంలా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి. తర్వాత మంచు కింద నుంచి వేలు లావున కారే ధార ఒకటి. దాన్ని నిలబడి తీస్తే నేల మీద తడి మరకలా ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ట్రైపాడ్ కాళ్ళు పరిచి, ఎండకి ఎదురుగా తీయండి. నీడ పడినప్పుడైతే పావు సెకను షట్టర్ చాలు, ధార పట్టుదారంలా సాగుతుంది. ఆ తర్వాత డిల్లన్. చివరి ఫొటో, మీకు అభ్యంతరం లేకపోతే, మీ వంటింటి కుళాయి. ఆరోరా వాళ్ళ నీటి లెక్క వేరు, కాబట్టి డెన్వర్‌లో స్నేహితుల ఇంటికి వెళ్ళి తీయండి. నేను పడ్డ పరువు తిప్పలు మీరు పడొద్దు.

ప్రశ్న: మే నెలలో వెళ్ళాను సార్. కళ్ళు చెదిరే తెలుపు. ఫొటోలో మాత్రం మంచంతా బూడిద రంగు. కొన్నిట్లో నీడలు నీలంగా వచ్చాయి. కెమెరా పాడైందా?
– ఫోర్ట్ కాలిన్స్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: కెమెరా భేషుగ్గా ఉంది, అది చేయాల్సిందే చేసింది. కెమెరాలో మీటరు లోకమంతా సగటున బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క కడుతుంది. ఎదురుగా అంతా తెలుపే ఉంటే "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. మీరు దాని మాట వినకుండా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు లెక్కకి మించి వెలుతురు పెంచే మీట) +1 నుంచి +1.7 దాకా పెంచండి. తెర మీద బొమ్మని నమ్మొద్దు, ఆ ఎండలో ఏదైనా చీకటిగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఎడమన చీకటీ కుడిన వెలుతురూ ఎంతెంత ఉన్నాయో గుట్టలా చూపే గ్రాఫు. గుట్ట కుడి పక్కకి జరగాలి, గోడకి గుద్దుకోకూడదు. గుద్దుకుంటే మంచు మీద గీతలు, గాలి వేసిన అలలు అన్నీ పోయి సున్నం గోడ మిగులుతుంది. కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయండి, తర్వాత దిద్దుకోవడానికి చోటుంటుంది.

నీలం నీడలు తప్పు కాదు బాబూ. ఎండ తగలని మంచుకి వెలుతురు ఆకాశం నుంచే వస్తుంది, ఆకాశం నీలం, నీడా నీలం. మన కన్ను దాన్ని దిద్దుకుని తెల్లగా చూస్తుంది, కెమెరా ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మరీ సిరా ఒలికినట్టు ఉంటే కొంచెం తగ్గించండి. పూర్తిగా తెల్లగా కడిగేయకండి, చలి పోతుంది ఫొటోలోంచి.

అడగకపోయినా ఒకటి చెబుతాను. అంత ఎత్తులో ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ పూర్తిగా తిప్పకండి. ఆకాశం అసలే ముదురుగా ఉంటుంది, ఇంకా తిప్పితే నల్లబడుతుంది. వైడ్ లెన్స్‌తో అయితే మరీ ఘోరం. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఒక నల్లటి పట్టీ, మిగతా చోట లేత నీలం. చాలా ఏళ్ళ క్రితం నేను మురిసిపోయి అచ్చు వేయించుకున్నవి ఇప్పుడు చూస్తే, ఆకాశానికి దెబ్బ తగిలి కమిలినట్టు ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారూ మామగారూ వచ్చే నెల వస్తున్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. వాళ్ళని అక్కడ నిలబెట్టి ఒక మంచి ఫొటో తీయాలని ఉంది. మా ఆయన లంచ్ చేసి తీరిగ్గా బయల్దేరదామంటున్నారు. సరేనా?
– లేక్‌వుడ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆయన మాట వినొద్దమ్మా. నా పేరు చెప్పి తగువు పెట్టుకోండి.

జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ మధ్యాహ్నం మబ్బులు కూడి ఉరుములు మెరుపులు రావడం రోజువారీ తంతు. ఆ గట్టు మీద చెట్టు లేదు, చాటు లేదు. అందరికంటే ఎత్తుగా ఉండేది మీరూ, మీ ట్రైపాడూ. పదకొండు గంటలకల్లా కిందికి దిగుతూ ఉండాలి. మబ్బు నల్లబడి, వెంట్రుకలు లేచి నిలబడితే ఫొటో సంగతి మర్చిపోయి కారులోకి పరుగెత్తండి.

పెద్దవాళ్ళని దిగిన మర్నాడే తీసుకెళ్ళకండి. డెన్వర్ ఎత్తే 5,280 అడుగులు, అక్కణ్ణుంచి గంటా గంటన్నరలో దానికి రెండింతలు దాటి పోతారు. రెండు మూడు రోజులు ఇంట్లో అలవాటు పడనివ్వండి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఏదైనా ఉంటే ముందు డాక్టర్ని అడగండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, తూలడం కనిపిస్తే మందు ఒక్కటే, కిందికి దిగడం. "ఇంత దూరం వచ్చాం కదా, ఇంకో పది నిమిషాలు" అనే మాట నోట రానివ్వకండి.

వాళ్ళని తూర్పు బాట ఎక్కించొద్దు. రోడ్డుకి పడమరన గట్టు మెల్లగా లేస్తుంది, నాలుగడుగులు వేస్తే చాలు. వాళ్ళని బోర్డుకి ఆనించి నిటారుగా నిలబెట్టకుండా, మీరు ఇంకాస్త పైకి వెళ్ళి, వాళ్ళు నడుస్తుండగా కొంచెం దూరం నుంచి తీయండి. కొండ ఎంత పెద్దదో చెప్పడానికి ఫ్రేములో చిన్న మనిషి కావాలి. శాలువా ఎర్రదైతే ఇంకా మంచిది. ఎండ నడినెత్తి మీదకి రాకముందు ఆ పని ముగించండి, లేకపోతే కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి.

దారి వదిలి పచ్చిక మీదకి మాత్రం పోనివ్వకండి. అక్కడ మాస్ క్యాంపియన్ అని నేలకి కరుచుకుని గులాబీ రంగులో పూసే మొక్క ఉంటుంది, గుప్పెడంత పెరగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. బూటు కాలు ఒక్కసారి చాలు. జూలైలో పసుపు పచ్చగా ఇంకొకటి కనిపిస్తుంది, దాని పేరు ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ది మౌంటెన్. చూడటానికి పొద్దుతిరుగుడు చెల్లెల్లా ఉంటుంది గాని పొద్దుతో తిరగదు, ముఖం తూర్పుకే పెట్టుకుని ఉంటుంది. పొద్దున్నే వెళ్తే అవన్నీ మీ ఫొటో కోసం వరసగా నిలబడ్డట్టు ఉంటాయి, సాయంత్రం వెళ్తే వీపులు చూపిస్తాయి. పువ్వుల ప్రస్తావన వచ్చింది కాబట్టి, గట్టు వెంట ఆగ్నేయాన లేచే గ్రేస్, టోరీస్ శిఖరాలకి ఆ పేర్లు ఏసా గ్రే, జాన్ టోరీ అనే వృక్షశాస్త్రవేత్తల మీద పెట్టినవి. పెట్టింది చార్ల్స్ ప్యారీ, 1861లో, ఆయనా మొక్కలు ఏరుకునే మనిషే. ఉత్తర అమెరికాలో కాంటినెంటల్ డివైడ్ మీద గ్రేస్ కంటే ఎత్తైన చోటు లేదు.

ప్రశ్న: చలికాలంలో రాత్రి పూట ఆ రోడ్డు మీద వాహనాల దీపాలు గీతల్లా వచ్చేలా తీయాలని ఉంది. అంత రాత్రి, అంత చలిలో వాహనాలు తిరుగుతాయా?
– బోల్డర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తిరుగుతాయి, అదీ పెద్దవే. కింద కొండని తొలిచి ఐసెన్‌హోవర్ సొరంగం వేశారు, మొదటి గొట్టం 1973లో, రెండోది 1979లో. కార్లన్నీ అందులోంచి పోతాయి. పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకు మోసే ట్యాంకర్లని మాత్రం లోపలికి రానివ్వరు. పాపం అవన్నీ కనుమ ఎక్కి దిగాల్సిందే. కారు దీపాలు నేల మీద ఒక గీత గీస్తే, ట్యాంకరు పక్కనున్న నారింజ దీపాలు దాని పైన ఇంకో గీత గీస్తాయి. మలుపు దగ్గర ఆ రెండూ విడిపోయి మళ్ళీ కలుస్తాయి.

సూర్యాస్తమయమయ్యాక ఇరవై, ముప్పై నిమిషాలకి, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే తీయండి. ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/11, 20 నుంచి 30 సెకన్లు. వాహనం మలుపులోకి వచ్చాక నొక్కండి. గాలి గురించి ఒక చిన్న మాట. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకండి, కాళ్ళు పరిచి కురచగా పెట్టండి, కెమెరా మెడ పట్టీ విప్పేయండి. ఆ పట్టీ గాలికి తపతపా కొట్టుకుని ఒక రాత్రంతా నా ఫొటోలు వణికించింది, ఇంటికొచ్చి తెర మీద పెద్దది చేసి చూసేదాకా తెలియలేదు.

కానీ రోడ్డు పక్కన కారు ఆపే చోటు నుంచి కదలొద్దు. 2013 ఏప్రిల్‌లో ఆ కనుమకి దగ్గర్లోనే, షీప్ క్రీక్ లోయలో, మంచు చరియ విరిగిపడి ఐదుగురు పోయారు. మంచు మీద తిరగడం బాగా తెలిసినవాళ్ళే. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ హెచ్చరిక ఇస్తుంది, అది చదవకుండా వాలు మీద అడుగు పెట్టకండి. తుఫాను ఉంటే రోడ్డే మూసేస్తారు, బయల్దేరే ముందు అదీ చూసుకోండి.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. ఫర్వాలేదా?
– పేరు రాయలేదు

జవాబు: ఫర్వాలేదు. జూమ్ 0.5 వాడకండి, 2 లేదా 3 వాడండి, కారణం పైన చెప్పాను. మంచు మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపండి. చలికి బ్యాటరీ ఠక్కున పడిపోతుంది, తీయనప్పుడు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి పెట్టుకోండి.

ప్రశ్న: అక్కడ ఫొటోలు తీసి కారెక్కగానే కెమెరా అంతా చెమట పట్టింది. లెన్స్ లోపల కూడా. తుడిస్తే పోలేదు.
– గోల్డెన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చల్లగా ఉన్న గాజు మీద కారులో వెచ్చటి గాలి తగిలి అలా అయింది. ఇంకా చలిలో ఉండగానే కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పిండేసి గట్టిగా మూతి కట్టండి, ఆ తర్వాతే కారెక్కండి. చెమట సంచి మీద పడుతుంది. మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకోండి. లేకపోతే ఫొటోలు చూడాలన్న ఆత్రంలో ఐడహో స్ప్రింగ్స్ రాకముందే ఆ సంచి విప్పేస్తారు, నేను రెండుసార్లు విప్పాను.